మిలటరీ బతుకు తాతల నుంచి మనవళ్ళ దాకా ఎంత మారింది? మీ ఇంట్లో సంగతులు చెప్పండి

అల్సూరు_శ్రీను

అందరికీ నమస్కారం. మా ఇంట్లో కొంతకాలంగా ఒకటే వాదన. ఇక్కడ రిటైరైన పెద్దలు, ఇప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ళ ఇళ్ళవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

మా నాన్న 1968లో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో చేరారు. హవల్దారుగా రిటైరై ఇక్కడే బెంగళూరులో అల్సూరు చెరువు దగ్గర స్థిరపడ్డారు. మా అక్క కొడుకు అగ్నివీర్‌గా, అంటే నాలుగేళ్ళ సర్వీసు మీద, ఆర్టిలరీలో (ఫిరంగి దళంలో) ఉన్నాడు. వాడు సెలవు మీద వచ్చినప్పుడల్లా తాతా మనవడూ పొద్దుపోయే దాకా మాట్లాడుకుంటారు, చివరికి ఇద్దరూ ముఖాలు మాడ్చుకుని లేస్తారు. నాన్న అనేది: "మీకు మంచి బట్ట, మంచి బూటు, జేబులో ఫోను, చేతినిండా జీతం. మాకేముండేది?" వాడి జవాబు: "నీకు పింఛను ఉంది తాతయ్యా. నాకు నాలుగేళ్ళయ్యాక ఏముంటుందో ఎవరూ చెప్పరు."

ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. అసలు మారిందేమిటి, మారనిదేమిటి? తెలిసినవాళ్ళు రాయండి. యూనిట్ పేర్లు, మీవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో మాత్రం దయచేసి రాయకండి.

పాత_సాపర్ (కమ్మనహళ్ళి)

శ్రీను బాబూ, మీ నాన్నగారి కంటే ఒక ఏడాది ముందు చేరినవాణ్ణి. సుబేదారుగా రిటైరయ్యాను. మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు ఇంటికొకడు మిలటరీలో ఉండడం వింత కాదు. వాన పడితేనే పంట, పంట వస్తేనే తిండి. నెల తిరిగేసరికి మనియార్డరు వచ్చే ఇల్లంటే ఊళ్ళో వేరే గౌరవం.

నల్ల ట్రంకు పెట్టెతో కంటోన్మెంట్ స్టేషన్లో దిగేనాటికి నాకు హిందీ ముక్క రాదు. పరేడ్ గ్రౌండులో ఉస్తాద్ ఏం అరిచాడో అర్థం కాక పక్కవాణ్ణి చూసి కాలు కదిపేవాణ్ణి. తప్పితే రగడా. రైఫిలు తలమీద పెట్టుకుని గ్రౌండు చుట్టూ పరుగు. సాయంత్రం ఒళ్ళు హూనమై ఉంటే మళ్ళీ చదువు క్లాసు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన హిందీ. తిండికి మాత్రం లోటు లేదు, లంగర్లో (వంటశాలలో) అన్నం సాంబారు పెట్టేవారు. తమిళుడు, మలయాళీ, కన్నడిగుడు, తెలుగువాడు ఒకే బారక్. మూడు నెలలు తిరిగేసరికి అందరం నాలుగు భాషల్లోనూ తిట్టుకునేవాళ్ళం, నాలుగు భాషల్లోనూ ఓదార్చుకునేవాళ్ళం.

ఉత్తరం సంగతి చెప్పాలి. కవరు మీద నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు). అంతే అడ్రసు. నేను రాజస్థాన్ ఇసుకలో ఉన్నానో, అస్సాం వానలో ఉన్నానో మా అమ్మకు తెలియదు. ఆమెకు చదువు రాదు, మాస్టారి చేత రాయించేది. మాస్టారి ముందు చెప్పుకోలేని మాటలు ఉత్తరంలో ఉండేవి కావు. మా నాన్న పోయినప్పుడు టెలిగ్రాం ఇచ్చారు. అప్పటికి యూనిట్ కదిలిపోయింది. అది నన్ను వెతుక్కుంటూ వచ్చి, సెలవు మంజూరై, రైళ్ళు మారి నేను ఇల్లు చేరేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. అప్పట్లో సెలవు కోసం "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని దొంగ టెలిగ్రాంలు తెప్పించుకునేవాళ్ళు ఉండేవారు. అందుకే నిజం టెలిగ్రాం వచ్చినా ఆఫీసులో ముందు అనుమానంగా చూసేవారు. ఆ బాధ నాకు ఈనాటికీ పోలేదు.

పని గురించి ఒక్కటి రాస్తాను. బెయిలీ బ్రిడ్జి అంటే ఇనుప ప్యానెళ్ళు పిన్నులతో బిగించి కట్టే వంతెన. దాని ప్యానెల్ 10 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు. కింద కడ్డీలు దూర్చి ఆరుగురు ఎత్తాలి. ఒక్కడి భుజం కుంగితే బరువు మిగతా ఐదుగురి నడుం మీద పడుతుంది. 1971లో రాత్రిపూట దీపం లేకుండా కట్టాం. పిన్ను దిగే కన్నం వేలితో తడిమి చూసుకోవాలి. సుత్తి మోత వినపడకుండా గోనెగుడ్డ అడ్డం పెట్టి కొట్టేవాళ్ళం. ఆ యుద్ధానికి వచ్చిన సంగ్రామ్ మెడల్ నా పెట్టెలో ఉంది. నా కుడిచేతి చూపుడు వేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు.

మీ మేనల్లుడికి సుఖం ఎక్కువని నేను అనను. నాకు తెలిసింది నా కాలం మాత్రమే.

కడప_సతీష్

సుబేదార్ గారూ, చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. మా పెదనాన్న 1962లో నేఫాలో ఉన్నారు, ఇప్పటి అరుణాచల్. నూలు బట్టలు, కాన్వాస్ బూట్లు, పాత .303 రైఫిలు. ఆ కొండల్లోకి మనవాళ్ళను అలాగే ఎక్కించారు. ఆయన కాలివేళ్ళు రెండు మంచుకు పోయాయి. మమ్మల్ని కూర్చోబెట్టి ఎప్పుడూ ఒక మాట చెప్పేవారు: "మేము శత్రువుకు భయపడలేదురా, చలికి ఓడిపోయాం."

సుజాత_జాలహళ్ళి

నేను ఆర్మీ భార్యని, ఆర్మీ ఇంటి కోడల్ని కూడా. మామగారు, మావారు ఇద్దరూ జవాన్లే. ఇక్కడ అందరూ మగవాళ్ళ సంగతే రాస్తున్నారు కాబట్టి నేను ఆడవాళ్ళ వైపు రాస్తాను.

మా అత్తగారిది విజయనగరం దగ్గర పల్లె. పెళ్ళైన ఇరవై రోజులకు మామగారు యూనిట్‌కి వెళ్ళిపోయారు. మనియార్డరు ఆవిడ మామగారి పేరున వచ్చేది. తలనొప్పి మాత్ర కావాలన్నా ఆయన్నే అడగాలి. ఉత్తరం వస్తే మరిది అందరి ముందూ పైకి చదివేవాడు. భర్త తనకు ప్రత్యేకంగా ఒక మాట రాశాడో లేదో కూడా తెలియదు. ఆయన మొత్తం సర్వీసులో క్వార్టర్సులో కలిసి ఉన్నది ఒక్క పీస్ పోస్టింగ్‌లోనే (సరిహద్దుకు దూరంగా, కుటుంబంతో ఉండగలిగే పోస్టింగ్). ఆ రెండేళ్ళ ముచ్చట్లే ఆవిడ ఇప్పటికీ చెబుతుంది, మధ్యప్రదేశ్‌లో పంజాబీ ఆవిడ దగ్గర రొట్టె చెయ్యడం నేర్చుకున్నానని.

నాకు ఆ బాధలు లేవు. జీతం బ్యాంకులో పడుతుంది, ఏటీఎం కార్డు నా దగ్గరే. ఆయన ఫీల్డులో ఉంటే పిల్లలతో ఉండడానికి ఎస్ఎఫ్ క్వార్టర్ (విడిగా ఉండే కుటుంబాలకిచ్చే ఇల్లు) దొరికింది. పిల్లలు కేంద్రీయ విద్యాలయంలో చదువుతున్నారు. అత్తగారు నన్ను చూసి మనసారా సంతోషపడుతుంది.

కానీ ఆ ఫోను ఉంది చూశారూ, దాని గురించి చెప్పాలి. ఆయనకు సిగ్నల్ దొరికిన పది నిమిషాల్లో ఇంటి గోలంతా వెళ్ళి ఆయన మీద పడుతుంది. గీజరు కాలిపోయింది, చిన్నవాడికి జ్వరం, ఊళ్ళో పొలం గట్టు తగాదా, స్కూలు ఫీజు. ఒకసారి మా బాబుకి 103 జ్వరం అని చెబుతుండగా లైను తెగింది. మళ్ళీ కలిసింది మర్నాడు సాయంత్రం. ఆ రాత్రంతా ఆయన డ్యూటీలో నిలబడి ఏం ఆలోచించి ఉంటారు? మామగారి కాలంలో జ్వరం సంగతి ఉత్తరంలో చేరేసరికి జ్వరం తగ్గి పిల్లాడు బడికి వెళ్ళేవాడు. ఇప్పుడు సంగతి తక్షణం చేరుతుంది, మనిషి మాత్రం చేరలేడు. చేతిలో ఆయుధం పట్టుకుని నిలబడ్డవాడికి ఇంత టెన్షన్ ఇవ్వడం సరైందేనా అని రోజూ నన్ను నేను అడుగుతాను. ఏది చెప్పాలి, ఏది దాచాలి అన్నది ఇప్పుడు నా డ్యూటీ అయిపోయింది. దానికి ఏ ట్రైనింగూ లేదు.

ఇంకొకటి. 2020లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో కలిపి 89 యాప్‌లు తీసేయమని ఆర్మీ ఆదేశం వచ్చింది గుర్తుందా? మావారు అదే రోజు తీసేశారు. కొన్ని ఫొటోలు దానితోపాటే పోయాయి. బాధపడ్డాం కానీ కారణం తెలుసు. స్నేహం పేరుతో జవాన్ల నుంచి సమాచారం లాగేవాళ్ళు ఉన్నారు. మామగారి ఉత్తరానికి సెన్సారు ఉండేది, మావారి ఫోనుకు ఈ నియమం ఉంది.

వైట్‌ఫీల్డ్_నాయక్

సుజాతక్కా, నూటికి నూరుపాళ్ళు నిజం. మేము పోస్టు మీద ఉన్నప్పుడు ఇంటి ఫోను వచ్చినవాడి ముఖం చూసి ఆ రాత్రి సెంట్రీ డ్యూటీ మార్చేవాళ్ళు. మంచి జేసీఓ సాబ్ (సుబేదార్ స్థాయి అధికారి) ఉంటే ఆ పని అడక్కుండానే చేస్తాడు.

నేను కర్నూలు జిల్లా వాణ్ణి. పింఛనుతో బయటికొచ్చి ఇక్కడ ఒక అపార్ట్‌మెంటులో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేస్తున్నా. సియాచిన్ చూసినవాణ్ణి. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్ మొదలైన రోజుల్లో ఎక్కినవాళ్ళకు ఏముండేదో, మాకు ఏమిచ్చారో పోల్చి చెప్పే ఉస్తాద్ ఒకాయన మాకు ఉండేవాడు. మాకు పొరలు పొరలుగా సూట్లు, లోపలి గ్లవ్స్ మీద ఇంకో గ్లవ్స్, మంచు కళ్ళజోడు ఇచ్చారు. అయినా గ్లవ్ తీసి ఒట్టి చేత్తో రైఫిల్ బ్యారెల్ పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. గుడిసెలో కిరోసిన్ బుఖారీ (వెచ్చదనానికి పెట్టే పొయ్యి) మండుతూనే ఉండాలి, ఆ మసికి ఉమ్మితే నల్లగా పడుతుంది. ఆకలి ఉండదు. డబ్బా తెరిస్తే వాసనకే కడుపు తిప్పుతుంది. ఎవడైనా తిననని మొండికేస్తే పక్కన కూర్చుని తినిపించాలి. తినడం మానేస్తే మనిషి జారిపోతాడు.

2016 ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడింది. 19 మద్రాస్ బెటాలియన్ వాళ్ళు పదిమంది దాని కింద పడిపోయారు. లాన్స్ నాయక్ హనుమంతప్పను ఆరో రోజున ప్రాణంతో బయటికి తీశారు, 11న పోయాడు. కర్ణాటక అంతా ఏడ్చింది. ఆ పదిమందిలో మా కర్నూలు జిల్లా ముస్తాక్ అహ్మద్ కూడా ఉన్నాడు. జాకెట్టు మారింది, మంచు మారలేదు. శ్రీను అన్నా, మీరు అడిగినదానికి నా జవాబు అదే.

ఇక బయటికొచ్చాక బతుకు. మేము 35, 40 ఏళ్ళకు బయటపడతాం. పిల్లలు అప్పుడే హైస్కూలు. ఒక కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్తే "తుపాకీ తప్ప ఏమొచ్చు?" అని అడిగారు. నేను కోట్ల విలువైన స్టోర్ లెక్క చూశాను, ముప్పై మందిని నడిపాను, మైనస్ డిగ్రీల్లో జనరేటరు విప్పి బిగించాను. అవన్నీ అక్కడ కాగితం మీద ఏ గడిలో రాయాలో తెలియలేదు. ఈ ఊళ్ళో మీ గేటు దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ మనుషుల్లో మాజీ సైనికులు ఎంతమందో ఒకసారి అడిగి చూడండి. పేరు అడగండి, రెజిమెంటు అడగండి. ఆ ఒక్క ప్రశ్నకే మనిషి నిటారుగా నిలబడతాడు.

జయనగర్_రమణ

నేను సివిలియన్ని, మా ఇంట్లో ఎవరూ ఆర్మీలో లేరు. అయినా అగ్నిపథ్ (అగ్నివీర్లను తీసుకునే పథకం) గురించి ఒక వైపే మాట్లాడుతున్నారనిపించి రాస్తున్నా. కార్గిల్ యుద్ధం తర్వాత వేసిన సమీక్షా సంఘమే సైన్యం వయసు తగ్గాలని, సర్వీసును 17 ఏళ్ళ నుంచి 7-10 ఏళ్ళకు తగ్గించాలని చెప్పింది. కొండ మీద పోరాడేది కుర్రాళ్ళే కావాలి కదా. మొదటి ఏడాది నెలకు 30,000, చేతికి 21,000. నాలుగేళ్ళయ్యాక సేవానిధి పేరుతో ఒకేసారి 11.71 లక్షలు. ఇరవై రెండేళ్ళకు అంత డబ్బుతో, క్రమశిక్షణతో బయటికొస్తే ఏదైనా చేయొచ్చు. మా ఆఫీసులో ఆ వయసు పిల్లలు చదువు అప్పుతో మొదలుపెడుతున్నారు.

మారతహళ్ళి_అమ్మ

రమణ గారూ, లెక్క మీరు సరిగ్గానే చెప్పారు. మాది గోరంట్ల వైపు. అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మే 9న సరిహద్దులో చనిపోయినప్పుడు మా ఊళ్ళన్నీ ఆ తండాకు నడిచి వెళ్ళాయి. మా వాడూ అగ్నివీరే. ఆ వారం రోజులు నేను వంట చేసిన గుర్తు లేదు.

డ్యూటీలో చనిపోతే 48 లక్షల బీమా, పరిహారం, మిగిలిన సర్వీసు జీతం ఇస్తారు. కాదనను. కానీ పక్కనే నిలబడ్డ పాత జవాను కుటుంబానికి బతికున్నంతకాలం పింఛను వస్తుంది, అగ్నివీర్ తల్లిదండ్రులకు రాదు. తూటాకు ఆ తేడా తెలియదు కదా. నేను అడిగేది ఆ ఒక్కటే.

పాత_సాపర్ (కమ్మనహళ్ళి)

అమ్మా, మీ బిడ్డ చల్లగా ఉండాలి. ధైర్యంగా ఉండండి.

రమణ గారికి నా అనుభవం చెబుతాను. తక్కువ సర్వీసు మన సైన్యానికి కొత్త కాదు. నేను చేరే ముందు కాలంలో జవాను ఏడేళ్ళు యూనిట్లో చేసి, తర్వాత ఎనిమిదేళ్ళు రిజర్వులో ఉండేవాడు. ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటూ, యుద్ధం వస్తే పిలుపందుకుని పరుగెత్తాలి. అలా రెండూ కలిపి 15 ఏళ్ళు అయినవాడికి రిజర్విస్టు పింఛను వచ్చేది. కొద్దిదే. కానీ ముసలితనంలో కొడుకు ముందు చెయ్యి చాపక్కర్లేకుండా ఉండేది. మీరు చెప్పిన కమిటీ కూడా 7 నుంచి 10 ఏళ్ళు అంది, నాలుగు అనలేదు. సైన్యం కుర్రగా ఉండాలన్న మాటతో నాకు పేచీ లేదు. బయటికి పంపేటప్పుడు వాడి చేతిలో ఏం పెడుతున్నాం అన్నదానితోనే నా పేచీ. వందలో పాతికమందిని ఉంచుకుంటారు. మిగతా డెబ్భై ఐదుగురి చేత వడ్రంగమో, వెల్డింగో, డ్రోను మరమ్మతో ఏదో ఒక పనికి సర్టిఫికెట్టు పట్టించి పంపాలి. మా గ్రూప్‌లో ప్రతి సాపర్‌కూ (ఇంజనీర్ జవానుకూ) ఏదో ఒక ట్రేడు, అంటే చేతి వృత్తి, నేర్పేవారు. ఆ ట్రేడే రిటైరయ్యాక మాలో చాలామందికి కూడు పెట్టింది.

జయనగర్_రమణ

రిజర్వు పింఛను సంగతి నాకు కొత్త. సుబేదార్ గారు చెప్పిన ట్రేడు మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. మా కంపెనీ మెయింటెనెన్స్ విభాగంలో మాజీ సైనికులను తీసుకునే విషయం హెచ్ఆర్‌తో మాట్లాడతాను. నాయక్ గారూ, మీ వివరాలు నాకు ప్రైవేటు మెసేజ్ చేయండి.

అనూష_అనంతపురం

నేను ఇక్కడ బీఎస్సీ చివరి ఏడాది చదువుతున్నా. మా తాతగారు ఏఎస్సీలో (ఆర్మీ సర్వీస్ కోర్‌లో) డ్రైవరు. మహిళల మిలటరీ పోలీస్ అగ్నివీర్ పరీక్షకు తయారవుతున్నా. ఇంట్లో తాతగారు తప్ప అందరూ వద్దంటున్నారు. పెళ్ళి సంబంధాలు రావని అమ్మ ఏడుపు. ఎవరైనా ధైర్యం చెప్పండి. నిజం కూడా చెప్పండి.

వైట్‌ఫీల్డ్_నాయక్

చెల్లెమ్మా, నువ్వున్న ఊళ్ళోనే చరిత్ర ఉంది. మిలటరీ పోలీస్ సెంటర్ బెంగళూరులోదే. జవాన్ల ర్యాంకులో మొదటి మహిళా బ్యాచ్, 83 మంది, 61 వారాల ట్రైనింగ్ పూర్తిచేసి 2021 మే 8న ఇక్కడే కసం పరేడ్ (ప్రమాణం చేసే పరేడ్) చేశారు. నిజం కూడా చెప్పమన్నావు కదా: 1.6 కిలోమీటర్ల పరుగు ఇప్పటి నుంచే మొదలుపెట్టు. ట్రాక్ మీద కాదు, మట్టిలో. రాత పరీక్షకు చదివి పరుగు వదిలేసినవాళ్ళు ర్యాలీలో ఏడుస్తూ తిరిగొస్తారు. నాలుగేళ్ళ నియమం నీకూ వర్తిస్తుంది, అందుకే డిగ్రీ పూర్తిచేసుకునే వెళ్ళు.

పాత_సాపర్ (కమ్మనహళ్ళి)

తల్లీ, నేను పైన బెయిలీ బ్రిడ్జి గురించి రాశాను. 2024లో వయనాడ్‌లో కొండ విరిగి ఊళ్ళు కొట్టుకుపోయినప్పుడు చూరల్‌మల దగ్గర మా గ్రూప్ వాళ్ళు 190 అడుగుల బెయిలీ బ్రిడ్జి కట్టారు. జూలై 31న మొదలుపెట్టి ఆగస్టు 1 సాయంత్రానికి బండ్లు నడిపించారు. అదే ప్యానెల్, అదే పిన్ను, అదే ఆరుగురి భుజాలు. దగ్గరుండి కట్టించిన ఆఫీసరు మేజర్ సీతా శెల్కే, ఒక ఆడపిల్ల. మా కాలంలో సెంటర్లో ఆడవాళ్ళంటే ఆస్పత్రి నర్సులే. టీవీలో ఆమెను బురదలో చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడి సెల్యూట్ చేశాను. మీ అమ్మగారికి ఆ వీడియో చూపించు. నా నంబరు మెసేజ్ చేస్తాను, కావాలంటే ఆవిడతో నేను మాట్లాడతాను.

సుజాత_జాలహళ్ళి

అనూషా, అమ్మ భయం నాకు తెలుసు, కొట్టిపారేయకు. ఆదివారం మా క్వార్టర్స్ వైపు రండి ఇద్దరూ. ఇక్కడి ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడితే సగం భయం పోతుంది. మిగతా సగం మాకూ ఉంది, దానితోనే బతుకుతున్నాం.

అల్సూరు_శ్రీను

రాసినవాళ్ళందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఇవన్నీ నాన్నకు చదివి వినిపించా. సుజాత గారి ఫోను సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. ఆయన ఒక మాట రాయమన్నారు: "వంతెన పని చేతికి రావడానికే నాకు ఏళ్ళు పట్టింది. తుపాకీ పని కూడా అంతే. నాలుగేళ్ళు నేర్పి, చెయ్యి తిరిగాక పంపేస్తే నష్టం కుర్రాడిది ఒక్కడిదే కాదు, సైన్యానిది కూడా." ఈసారి మనవడు వచ్చినప్పుడు తన పింఛను సంగతి ఎత్తనని, వాణ్ణి ఏదైనా ట్రేడు కోర్సులో చేర్పించే ఖర్చు తనే పెట్టుకుంటానని అన్నారు. అక్కకు ఫోన్ చేసి చెప్పేశారు కూడా.

పద్మ_కృష్ణరాజపురం

అందరూ పాతవాటి గురించి మాట్లాడుతున్నారు, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నగారు 1971లో పనిచేసిన సాపరే, పోయిన ఏడాది కాలం చేశారు. అమ్మకు ఫ్యామిలీ పింఛను ఇంకా మొదలవలేదు. డిశ్చార్జ్ బుక్కులో అమ్మ పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. పుట్టిన తేదీ కూడా కలవడం లేదు. పింఛన్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్ ఆ వివరాలు తీసుకోవడం లేదు. ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసుకు పంపుతున్నారు. అమ్మకు 70 దాటాయి, బస్సెక్కలేదు.

పాత_సాపర్ (కమ్మనహళ్ళి)

అమ్మా పద్మా, ఇది మా కాలం వాళ్ళ ఇళ్ళలో చాలాచోట్ల ఉన్న ఇబ్బందే. అప్పటి క్లర్కు విన్నట్టు రాసుకున్నాడు, ఎవరూ సరిచూసుకోలేదు. పేరు, పుట్టిన తేదీ సరిచేయాల్సింది రికార్డ్ ఆఫీసు. మన గ్రూప్ రికార్డ్స్ బెంగళూరులోనే ఉంది కాబట్టి మీరు దూరం వెళ్ళక్కర్లేదు. నాన్నగారి డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ (పింఛను మంజూరు ఆర్డరు), మరణ ధ్రువపత్రం, అమ్మగారి ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, రెండు పేర్లూ ఒకరివే అని అఫిడవిట్. అన్నిటికీ మూడేసి జెరాక్సులు. వాళ్ళు సరిచేసి పీపీఓ సవరణకు పంపాకే స్పర్శ్‌లో కదులుతుంది. ఒరిజినల్స్ ఎవరికీ ఇచ్చేయొద్దు, చూపించి వెనక్కి తీసుకోండి. అప్లికేషన్ ఇచ్చిన రసీదు మీద తేదీ ముద్ర వేయించుకోండి.

అల్సూరు_శ్రీను

పద్మ గారూ, మేము ఉండేది దగ్గరే. అమ్మగారిని కదిలించకండి, కాగితాలతో మీరొక్కరే రండి. సోమవారం ఉదయం నాన్న, నేను మీతో వస్తాం. మీ నాన్నగారి ఆర్మీ నంబరు, చేరిన సంవత్సరం ఈరోజే నాకు మెసేజ్ చేయండి, నాన్నకు ఆ బ్యాచ్ వాళ్ళు ఎవరైనా తెలిసుండొచ్చు.